కోతపండుగలో పాడుకున్న కుర్చీ

ఎదురింటావిడ మా గేటు తీసుకుని లోపలికి వచ్చింది, గిన్నె తిరిగివ్వడానికి. ముందురోజు నేను చేపల పులుసు పోసి పంపిన గిన్నె అది. ఖాళీ గిన్నె తిరిగివ్వడం ఈ వైపు మర్యాద కాదు కాబట్టి అందులో సున్నుండలు పెట్టి, పైన మూత కూడా పెట్టి పట్టుకొచ్చింది. వరండా మెట్టెక్కి, పరిచిన పాత పేపర్ల మధ్యలో ఉన్న కుర్చీని చూసింది. అంతే, గిన్నె చేతిలోంచి జారిపోయింది. సున్నుండలు వరండా నిండా దొర్లాయి. ఒకటి తిన్నగా వెళ్లి నా రంగు డబ్బాలో పడింది.

"ఇదేంటండీ! ఇదేం పనండీ బాబూ!" అని రెండు చేతులూ నెత్తిన పెట్టుకుంది.

బ్రష్షు చేతిలో ఉన్న నాకు ముందు కోపమే వచ్చింది. నా వరండా, నా కుర్చీ, నా రంగు, మధ్యలో ఈవిడకేంటి నొప్పి అనుకున్నాను. కానీ ఆవిడ కళ్లలో గిర్రున నీళ్లు తిరగడం చూశాక బ్రష్షు కింద పెట్టేశాను. రంగు నచ్చకపోతే మూతి విరుస్తారు గానీ ఎవరూ ఏడవరు కదా.

ఇక్కడ కాస్త వెనక్కి వెళ్లాలి. మేము ధవళేశ్వరం వచ్చి అప్పటికి ఏడాది కాలేదు. మా ఆయనకి కాలవల ఆఫీసుకి బదిలీ అయింది, నాకు రాజమండ్రిలో ఒక బడిలో టీచరు ఉద్యోగం దొరికింది. కాలవగట్టుకి దగ్గర్లో అద్దెకి ఇల్లు తీసుకున్నాం. మా పుట్టింటివాళ్లు భీమవరం వైపు బాప్టిస్టులు. ఇక్కడ వీధి చివర ఉన్నది లూథరన్ చర్చి. ప్రార్థన ఎక్కడైనా ప్రార్థనే అనుకుని అందులోనే కలిసిపోయాం. కానీ ఒక్కో చర్చికి ఒక్కో అలవాటు ఉంటుందనీ, ఆ అలవాటు ఎవరూ ఎవరికీ చెప్పరనీ, అందులో పుట్టి పెరిగితేనే తెలుస్తుందనీ నాకప్పటికి తెలియదు.

కోతలయ్యాక చర్చిలో కోతపండుగ చేస్తారు. ఎవరింట్లో పండింది వాళ్లు తెచ్చి దేవుడి ముందు పెడతారు. ఆరాధన అయ్యాక వాటన్నిటినీ ఆవరణలో షామియానా కింద వేలం వేస్తారు. ఆ వచ్చింది చర్చి ఖర్చులకి వెళ్తుంది. బజార్లో ఎవరూ తిరిగి చూడని గుమ్మడికాయని ఇక్కడ ఇద్దరు ముగ్గురు పోటీలు పడి పాడుకుని, విరగబడి నవ్వుకుంటూ భుజాన మోసుకెళ్తారు. ఈ వేలం పాటంటే నాకు చిన్నప్పటినుంచీ పిచ్చి. మా అమ్మ పాట అయ్యేదాకా నా చెయ్యి పట్టుకుని కూర్చునేది, ఎక్కడ పైకెత్తేస్తానో అని. ఇప్పుడు పట్టుకునేవాళ్లెవరు?

ఆ ఆదివారం కోడిపుంజు పాట అయింది, అరటిగెల అయింది, కందదుంప అయింది. అప్పుడు ఇద్దరు మనుషులు ఒక కుర్చీ మోసుకొచ్చి బల్ల పక్కన పెట్టారు. వెడల్పు చేతుల టేకు కుర్చీ. వెనక్కి కాస్త వాలి, కూర్చునే చోట పేము అల్లికతో, నల్లగా నిగనిగలాడుతూ ఉంది. వేలం పాడుతున్నది మా ఎదురింటాయన, సంఘపెద్ద. అప్పటిదాకా గొంతు చించుకుని అరుస్తున్న మనిషి ఒక్కసారి గొంతు తగ్గించి, "ఇదిగోనండి, మన మామ్మగారి కుర్చీ" అన్నారు. అందరూ మెత్తగా నవ్వుకున్నారు. ముందు వరసలో తెల్లచీర కట్టుకున్న ఒక పెద్దావిడ తలొంచుకుని కూర్చుని ఉన్నారు. రేషన్ డిపో ఆయన లేచి ఏదో పేరుకి ఒక పాట పాడాడు. ఇంకెవరూ పలకలేదు. సంఘపెద్దగారు "ఒకటోసారి, రెండోసారి" అని గబగబా ముగించబోతున్నారు.

ఇంత మంచి టేకు కుర్చీ ఇంత తక్కువకి పోవడమా? నా చెయ్యి లేచిపోయింది.

ఆవరణంతా ఒక్కసారి నా వైపు తిరిగింది. రేషన్ డిపో ఆయన నోరు తెరుచుకుని నన్ను చూసి, ఏం చెయ్యాలో తెలియక ఇంకొంచెం పెంచాడు. నేను ఇంకా పెంచాను. వాళ్లావిడ ఆయన చొక్కా పట్టుకుని కిందకి లాగింది. ఆ తెల్లచీర పెద్దావిడ తలెత్తి, వెనక్కి తిరిగి నన్నే చూశారు. రెప్ప వెయ్యకుండా చూశారు. ఆ చూపు నాకు ఇప్పటికీ గుర్తుంది. తన వస్తువుకి మంచి పాట వచ్చిందని సంతోషపడుతున్నారు కాబోలు అనుకున్నాను. కుర్చీ నాదైంది. చప్పట్లు మాత్రం చినుకుల్లా అక్కడొకటి ఇక్కడొకటి పడ్డాయి.

"ఎందుకో అందరూ మనల్ని అదోలా చూశారు" అన్నారు మా ఆయన ఇంటికొస్తూ.

"కుళ్లు" అన్నాను నేను.

ఇక కుర్చీ మీద పడ్డాను. పాత చెక్క సామానుకి చాక్ పెయింటు వేసే వీడియోలు ఫోన్లో చూసి చూసి ఎన్నాళ్లుగానో చేతులు దురద పెడుతున్నాయి. నిగనిగలాడని, సుద్దపూసినట్టు మెత్తగా కనబడే రంగు అది. దాని గొప్పేమిటంటే పాత పాలిష్ గీకక్కర్లేదు, నునుపు చెయ్యక్కర్లేదు, ఎలాంటి చెక్కనైనా పట్టుకుంటుంది. పట్టుకుంటే వదలదు. ఆ వదలకపోవడాన్ని ఆ వీడియోల్లో వాళ్లు ఎంత మురిపెంగా చెప్పేవారో! రాజమండ్రిలో ఏ షాపులో అడిగినా "డిస్టెంపరాండి?" అని ఎదురు ప్రశ్న వేశారు. సరే పొమ్మని ఇంట్లోనే కలిపాను. గోడలకి వేయగా మిగిలిన ఎమల్షన్‌లో, సుద్దముక్కలు నూరి పల్చటి గుడ్డలో జల్లించిన పొడి వేసి, ఉండ కట్టకుండా కలిపాను. రంగు నాకు నచ్చినట్టు కుదిరింది. ఊడ్పులకి ముందు నారుమడి ఉంటుందే, ఆ లేత పచ్చ.

"బడిలో సుద్దముక్క, ఇంట్లో సుద్దముక్క. నీకు ఎప్పుడో ఊపిరితిత్తులు కూడా తెల్లబడతాయి" అన్నారు మా ఆయన.

రంగు వేసి ఆరాక అంచుల్లో గరుకు కాగితంతో కాస్త కాస్త గీకాలి, వాడి వాడి అరిగినట్టు కనబడటానికి. అది చెప్పేసరికి ఆయన పేపరు కింద పెట్టేశారు. "అంటే పాతదాన్ని కొత్తది చేసి, ఆ కొత్తదాన్ని మళ్లీ గీకి పాతది చేస్తావా? మొదట్నుంచీ పాతదేగా అది?" ఈయనతో ఇలాంటివి మాట్లాడి లాభం లేదు.

కుర్చీ కుడి చేతిలో, చివరి దగ్గర, బొటనవేలు పట్టేంత గుండ్రటి కన్నం ఒకటి ఉంది. ఏదో బోల్టు ఊడినట్టుంది. అంత అందమైన కుర్చీకి అదొక్కటే లోపమనిపించి, పుట్టీ పెట్టి నున్నగా పూడ్చేశాను. ముందు చేతులకే రంగు వేసి, ఆరాక మైనం పట్టించి, గుడ్డతో తుడిచాను. కన్నం ఉన్న జాడ కూడా లేదు. ఎంత మురిసిపోయానో చెప్పలేను.

ఈలోగా వీధిలో జనం నన్ను వింతగా పలకరిస్తున్నారు. రేషన్ డిపో ఆయన, "కుర్చీ ఇంకా మీ దగ్గరే ఉందాండి?" అని అడిగాడు. ఉందండి అన్నాను. "ఆహా. మంచిదండి, మంచిదండి" అని తల గోక్కుంటూ వెళ్లిపోయాడు. పాస్టరమ్మగారు చర్చి మెట్ల మీద నా చెయ్యి పట్టుకుని, "మామ్మగారిని కలిశారామ్మా?" అన్నారు. లేదండి అన్నాను. "ఒకసారి వీలు చూసుకుని వెళ్లి రండమ్మా" అన్నారు. కొత్తగా వచ్చినవాళ్లం కదా, పెద్దవాళ్లని పలకరించి రమ్మంటున్నారు కాబోలు అనుకున్నాను. ఎదురింటావిడైతే రోజూ గేటు దగ్గర నిలబడి, "ఏవండీ, కుర్చీ ఎలా ఉందండి?" అని కుర్చీ ఆరోగ్యం కనుక్కునేది. "బ్రహ్మాండంగా ఉందండి" అనేదాన్ని. దాంతో ఆవిడ నోరు మూసుకునేది.

గోదారోళ్ల మర్యాద గురించి లోకమంతా చెప్పుకుంటుంది. అండి లేకుండా కుక్కని కూడా అదిలించరు. నేనూ ఈ జిల్లాల్లోనే పుట్టాను కాబట్టి అనే హక్కు నాకుంది. ఆ మర్యాద మా కొంప ముంచింది. చెప్పాల్సిన ఒక్క మాట చెప్పకుండా ఊరు ఊరంతా చుట్టూ తిరిగింది.

ఆ మాట ఎదురింటావిడ చెప్పింది, మా వరండాలో సున్నుండల మధ్య చతికిలబడి.

"ఆ కుర్చీ ఎవరూ ఉంచుకోరండి. పాడుకున్నవాళ్లు సాయంత్రానికల్లా తీసుకెళ్లి మామ్మగారికిచ్చేస్తారండి. ఆవిడికి ఇంకేం లేవు కదండీ పాపం, పండక్కి ప్రతి ఏడూ ఆ కుర్చీనే ఇస్తారు. ఏటా ఒకళ్ల వంతండి. ఈ ఏడు రేషన్ డిపో వాళ్లది. మధ్యలో మీరు లేచారు."

"మరి నాకొక్కళ్లైనా చెప్పచ్చు కదండీ!" అని అరిచాను. నిజంగానే అరిచాను. వంటింట్లోంచి మా ఆయన పరిగెత్తుకొచ్చారు.

"మీరు టీచరుగారు కదండీ, తెలిసే ఉంటుందనుకున్నామండి. అంత పాట పాడారు. ఆవిడ మీద ప్రేమతోనే పాడారనుకున్నాం. ఇవాళిస్తారు, రేపిస్తారని చూస్తున్నాం. ఇచ్చెయ్యండని మొహాన ఎలా అంటామండీ? బావుండదు కదా."

ఆ తర్వాత చెప్పినవి వింటూంటే ఒక్కో మాటా ఒక్కో దెబ్బలా తగిలింది. మామ్మగారి భర్త కాలవ లాకుల దగ్గర పనిచేసేవారట. పడవలు వెళ్లడానికి నీళ్లు ఎత్తి దించే లాకులు ఉంటాయి కదా, ఆ లాకుల టేకు తలుపులు తీసేసి ఇనుప తలుపులు బిగించినప్పుడు, అక్కరలేదని అమ్మేసిన ఒక చెక్క కొనుక్కుని, ఆయన చేయించుకున్న కుర్చీ అట అది. ఆ చేతిలో కన్నం లాకు తలుపు బోల్టుదే. ఆయన పోయాక మామ్మగారు అందులోనే కూర్చునేవారట, ఆ కన్నంలో బొటనవేలు పెట్టుకుని.

నేను మా ఆయన వైపు చూశాను. ఆయన కుర్చీ కుడి చేతి వైపు చూశారు. పుట్టీ పెట్టడం ఆయన కూడా చూశారు.

"ఇప్పుడు ఆవిడ దేన్లో కూర్చుంటున్నారండీ?" అని అడిగాను. అడగడానికే భయమేసింది.

"ఏముందండి, గడపలో కూర్చుంటున్నారు. మోకాళ్ల నొప్పులు కూడానూ. సాయంత్రం అయ్యేసరికి గడపలో కూర్చుని రోడ్డుకేసే చూస్తూ ఉంటారు. కుర్చీ వస్తుందనే కదండీ."

ఇంక నాకు ఏడుపు ఆగలేదు. తడిగుడ్డ తెచ్చి రుద్దాను. వెనక కమ్మీల మీద పచ్చిగా ఉన్నది కాస్త వచ్చింది, ఆరినది రాలేదు. మైనం పట్టించిన చేతులు నన్ను చూసి వెక్కిరించినట్టు అలాగే ఉన్నాయి. నా అరుపుకి పక్కవాళ్లొచ్చారు, వాళ్లని చూసి వాళ్ల పక్కవాళ్లొచ్చారు. వచ్చిన ప్రతివాళ్లూ కుర్చీని చూసి ఒకసారి "అమ్మో!" అన్నారు, తర్వాత ఒక సలహా చెప్పారు. కిరసనాయిలు అన్నారొకరు, థిన్నరన్నారు ఇంకొకరు. రేషన్ డిపో ఆయన ఏమీ అనకుండా ఒక సున్నుండ తీసుకుని తిన్నాడు. మా ఆయన గరుకు కాగితం పట్టుకుని ఒక మూల గట్టిగా గీకారు. రంగుతో పాటు ఆ నలుపు కూడా లేచిపోయి, కింద పచ్చి చెక్క గాయంలా బయటపడింది. ఇంకా గీకితే కుర్చీయే పోతుందని ఆపేశారు. పుట్టీని మేకుతో పొడిచి చూశాను. రాయిలా బిగిసిపోయింది.

"ఉన్నదున్నట్టు పట్టుకెళ్దాం. దాచే కొద్దీ పెద్దదవుతుంది" అన్నారు మా ఆయన. పెళ్లయిన ఇన్నేళ్లలో ఆయన మాటకి నేను ఎదురు చెప్పని సందర్భాల్లో అదొకటి.

ఆయన బండి నడుపుతుంటే నేను వెనక కూర్చుని కుర్చీని తలకిందులుగా ఒళ్లో పెట్టుకున్నాను. నాలుగు కాళ్లూ ఆకాశం వైపు. వెనకాలే ఎదురింటావిడ, రేషన్ డిపో ఆయన, ఇంకా దారిలో తగులుకున్నవాళ్లు. కాలవగట్టు వెంట చేపలు అమ్ముకునే ఆవిడ "ఏంటండీ ఊరేగింపు?" అని అడిగింది.

మామ్మగారి ఇల్లు లాకుల పక్కనే, గట్టు దిగితే వస్తుంది. రేకుల కప్పు, ముందు చిన్న వాకిలి. ఎదురింటావిడ చెప్పినట్టే ఆవిడ గడపలో కూర్చుని రోడ్డుకేసి చూస్తున్నారు. మమ్మల్ని చూడగానే లేచి నిలబడ్డారు. ఆవిడ మొహం ఒక్కసారిగా వాడిపోయింది. కుర్చీ దించి వాకిట్లో పెట్టాను. ఎండలో నా నారుమడి పచ్చ మరీ పచ్చగా మెరిసిపోయింది. దాన్ని చూసి నాకే సిగ్గేసింది.

ఆవిడ దగ్గరికొచ్చి వంగి చూశారు. కుర్చీ వీపు తడిమారు. తర్వాత కుడి చేతి మీద అరచెయ్యి వేసి చివరికంటా నిమిరారు. బొటనవేలు దానంతటదే వెళ్లి కన్నం ఉండాల్సిన చోట ఆగింది. అక్కడే ఇటూ అటూ కదిలింది.

"ఇక్కడ కన్నం ఉండాలే" అన్నారు.

"పూడ్చేశానండి" అన్నాను. "తెలియక చేశానండి మామ్మగారూ. నాకెవరూ చెప్పలేదు. మీ కుర్చీ మీకిచ్చెయ్యడానికే తెచ్చాం. నన్ను క్షమించండి."

ఆవిడ నిటారుగా నిలబడి నా మొహంలోకి చూశారు. "నాదేంటమ్మా? నేను దేవుడికిచ్చేశాను. నువ్వు పాడుకున్నావు. నీదే కదా. మళ్లీ ఎందుకు మోసుకొచ్చావు?"

ఎదురింటావిడ కల్పించుకుంది. "అదికాదండి మామ్మగారూ, ఈవిడికి మన సంగతి తెలీదు. ఎప్పట్లాగే మీ కుర్చీ మీకు..."

"ఎప్పట్లాగే!" అన్నారు మామ్మగారు. ఆ గొంతు విని అందరం ఉలిక్కిపడ్డాం. అంత చిన్న మనిషిలోంచి అంత గొంతు వస్తుందని ఎవరూ అనుకోలేదు. "ఇన్నేళ్లూ అడగలేదు. ఇవాళ అడుగుతాను చెప్పమ్మాయ్. మొన్న పండక్కి నువ్వేం ఇచ్చావు?"

"గుమ్మడికాయండి."

"ఎవరు పాడుకున్నారు?"

"పాస్టరమ్మగారండి."

"తిరిగిచ్చిందా?"

"లేదండి. పులుసు పెట్టుకున్నారండి."

మామ్మగారు రేషన్ డిపో ఆయన వైపు తిరిగారు. "నీ పుంజేమైంది?"

"తినేశారండి" అన్నాడు, తనే తిన్నట్టు తలొంచుకుని.

"మరి నాదొక్కటే ఎందుకు ప్రతి ఏడూ చీకటి పడకముందే గుమ్మంలోకొచ్చేస్తుంది?"

లాకు తలుపుల సందుల్లోంచి నీళ్లు కారుతున్న చప్పుడు ఒక్కటే వినిపిస్తోంది.

"ఆయన పోయిన ఏడు" అన్నారు ఆవిడ, ఈసారి నెమ్మదిగా, "ఇంట్లో ఉన్నవాటిలో నా ప్రాణంతో సమానమైంది అదే కాబట్టి దాన్నే ఇచ్చాను. ఏడ్చుకుంటూ ఇచ్చాను. ఆ సాయంత్రమే తెచ్చి పెట్టేసి, ‘మీరే ఉంచుకోండి మామ్మగారూ’ అన్నారు. మీది మంచి మనసే, కాదనను. కానీ నా కానుక ఒక్కటే దేవుడికి పనికిరాలేదా అని ఎంత కుమిలిపోయానో నాకే తెలుసు. మొహాన ఎలా అంటాను? బావుండదు కదా. ఇచ్చింది చెల్లలేదు కాబట్టి పై ఏడు మళ్లీ అదే ఇచ్చాను. మళ్లీ తెచ్చారు. చెల్లని మొక్కుబడిలా అది నన్ను పట్టుకుని వదల్లేదు."

"మీకింకేం లేక దాన్నే ఇస్తున్నారనుకున్నామండి" అంది ఎదురింటావిడ.

"ఇంకేం లేకపోవడమేంటి? కళ్లు లేవా మీకు?" అని మామ్మగారు పైకి చూపించారు.

అందరం ఒక్కసారి తలెత్తాం. రేకుల కప్పు మీద గుమ్మడిపాదు అల్లుకుని ఉంది. ఆకుల మధ్య నుంచి కాయలు, ఒక్కోటి బిందంత. ఏళ్ల తరబడి వంతులు వేసుకుని కుర్చీ మోసుకొచ్చిన మనుషులు ఆ కప్పు కిందే నిలబడి, కుర్చీ దించి, దండం పెట్టి వెళ్లారు. ఒక్కరూ తలెత్తి చూడలేదు. ఎదురింటావిడ మొహం తెల్లగా పాలిపోయింది. కొత్తదాన్ని, ఏమీ తెలియనిదాన్ని నేనొక్కదాన్నే అనుకుని అంతదూరం ఏడ్చుకుంటూ వచ్చాను. అక్కడ ఎవరికీ ఏమీ తెలియదు.

"మరి రోజూ సాయంత్రం గడపలో కూర్చుని చూస్తున్నారటండీ" అన్నాను నేను, ఉండబట్టలేక.

"చూడనా మరి? ఈసారి కూడా ఎక్కడ తెచ్చేస్తారోనని బెదురుతో చూస్తున్నాను. ఇవాళొస్తుందేమో, రేపొస్తుందేమో. రాలేదు. ఈ పిల్ల నిజంగానే పాడుకుంది, నిజంగానే తీసుకెళ్లింది, ఇన్నేళ్లకి చెల్లింది అని ఇప్పుడిప్పుడే గుండె కుదుటపడుతోంది. ఇంతలో ఊరేగింపుగా తెచ్చేశారు." ఆవిడ గడ్డంతో ఇంట్లోకి చూపించారు. గుమ్మం పక్కన ఎర్రటి ప్లాస్టిక్ కుర్చీ ఉంది, కవరు కూడా విప్పకుండా. "అదిగో, పింఛను డబ్బుతో తెచ్చుకున్నాను. ఈ టేకు కుర్చీలో కూలబడితే లేవాలంటే ఇద్దరు పట్టాలి. దాన్లో అయితే నా అంతట నేనే లేస్తాను. ఇది తిరిగి రాదని రూఢి అయ్యాక కవరు విప్పుదామని ఆగాను."

ఆ కుర్చీ లేక ఆవిడ బతుకు ఎక్కడ ఆగిపోయిందో అని మేము హడలిపోతుంటే, అది తిరిగొస్తుందేమోనని ఆవిడ హడలిపోతున్నారు.

"కానీ ఆ కన్నం అండి..." అన్నాను. నాకది ముల్లులా లోపలే ఉంది.

మామ్మగారు మళ్లీ ఆ చోట బొటనవేలు పెట్టి చూసుకున్నారు. అప్పుడు మొదటిసారి నవ్వారు. "ఆయన చుట్ట బూడిదంతా ఇందులో రాల్చేవాడమ్మా. ఆయన పోయినా ఆ కంపు పోలేదు. పూడ్చండి, పూడ్చండి అని బతికున్నన్నాళ్లూ పోరాను. వినలేదు. నువ్వు పూడ్చావు." మళ్లీ ఒకసారి నిమిరి, "నున్నగా ఉంది" అన్నారు. నవ్వుతూనే చీర కొంగుతో కళ్లు తుడుచుకున్నారు. అవి ఏ రకం కన్నీళ్లో నేను అడగలేదు, ఆవిడ చెప్పలేదు.

కుర్చీ మళ్లీ నా ఒళ్లోకెక్కింది, నాలుగు కాళ్లూ పైకి పెట్టి. మేము గట్టెక్కేలోపే వెనక చరచరమని ప్లాస్టిక్ కవరు చింపుతున్న చప్పుడు వినిపించింది.

వెనక కమ్మీలకి మిగిలిన రంగు వేశాను. అంచులు గీకాను. మా ఆయన గీకిన మూల ఒక్కటి మాత్రం గరుకు కాగితం పట్టుకుని కూర్చున్నా దారికి రాలేదు. మామ్మగారు ఒకసారి ఇంటి ప్రార్థనకి, గృహకూటానికి, మా ఇంటికొచ్చి అందులో కూర్చున్నారు. చుట్టాల ఇంట్లో కూర్చున్నట్టు కూర్చున్నారు, బొటనవేలు కూడా ఎక్కడా వెతకలేదు. లేచేటప్పుడు మాత్రం నేనూ మా ఆయనా చెరో చెయ్యీ పట్టుకోవాల్సి వచ్చింది.

పై ఏడు కోతపండుగకి మామ్మగారు గుమ్మడికాయ తెచ్చారు. ఎవరి సాయమూ లేకుండా చంకనెత్తుకుని వచ్చి దేవుడి ముందు పెట్టారు. మా ఆయన ముందుజాగ్రత్తగా నా రెండు చేతులూ పట్టుకుని కూర్చున్నారు. పాట జోరుగా సాగింది. చివరికి ఎదురింటావిడ పాడుకుంది. ఆవిడ ఆ గుమ్మడికాయని ఒళ్లో పెట్టుకుని, ఇప్పుడేం చెయ్యాలో తెలియనట్టు అందరి మొహాలూ చూసింది. ఎవరూ ఏమీ చెప్పలేదు. మా వీధి కదా మరి.

ఆ పై ఆదివారం ఆరాధన అయ్యాక చర్చి మెట్ల దగ్గర మామ్మగారు ఆవిడని ఆపారు. పక్కనే నేనున్నాను.

"గుమ్మడికాయ ఏం చేశావమ్మాయ్?"

"తినేశామండి" అంది ఎదురింటావిడ.

"అంతానా?"

"అంతానండి. సగం పులుసు పెట్టాను, సగం హల్వా చేశాను. ఎదురింటి టీచరుగారికి గిన్నెడు పంపాను. గింజలు కూడా వేయించుకుని తినేశాం. మీకు పెట్టడానికి ముక్క కూడా మిగల్చలేదండి."

ఎంత మర్యాద తెలిసిన మనిషి నోట వచ్చిన మాట అది! మామ్మగారు ఆవిడ చెయ్యి గట్టిగా పట్టుకున్నారు. పట్టుకుని, జనం అందరూ మెట్లు దిగి వెళ్లిపోయినా వదల్లేదు.